కొలనోస్కోపీ తర్వాత కడుపు నొప్పి: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక ఆసుపత్రి ఎండోస్కోపీ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. కొలనోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని (స్కోపు) ఆసనం నుంచి పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. పొద్దున అది చేయించుకుని ఇంటికి వెళ్లినవాళ్ల నుంచి సాయంత్రమయ్యేసరికి ఫోన్లు వస్తాయి. అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి ఉన్నది గ్యాస్ నొప్పే, మర్నాటికల్లా పోతుంది. కొద్దిమందికి మాత్రం అది ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోవాల్సిన నొప్పి కాదు. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: గంట గంటకూ తగ్గుతోందా, పెరుగుతోందా?

దశలవారీగా రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మీ డాక్టరు మీకు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే, ఇక్కడ రాసిన దానికన్నా ఆ మాటకే విలువ ఇవ్వండి.

## పరీక్షకు ముందు

పేగు ఖాళీ కావడానికి ఇచ్చిన పౌడర్ కలిపిన నీళ్లు తాగుతుంటేనే కడుపు మెలిపెడుతోంది. ఇంకా పరీక్షే కాలేదు కదా?

ఆ మందు పని చేసే తీరే అంత. లీటర్ల కొద్దీ నీళ్లు తక్కువ సమయంలో పేగుల్లోకి వెళ్తాయి, వాటిని కిందికి తోయడానికి పేగు గట్టిగా ముడుచుకుంటుంది. అదే మెలిపెట్టినట్టు తెలుస్తుంది. గటగటా తాగకుండా ఒక్కో గ్లాసుకు పది పదిహేను నిమిషాలు తీసుకోండి, మధ్యలో ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. వికారంగా ఉంటే అరగంట ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అయితే ఎంత తాగినా మోషన్ రాకుండా, పొట్ట ఉబ్బిపోతూ, వాంతులు అవుతుంటే మాత్రం తాగడం ఆపేసి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. పేగులో ఎక్కడైనా అడ్డు ఉంటే ఇలా అవుతుంది.

నాకు గర్భసంచి తీసేశారు. కొలనోస్కోపీలో నొప్పి ఎక్కువ ఉంటుందని మా వదిన భయపెట్టింది. నిజమేనా?

కొంతవరకు నిజమే. పొట్టలో ఏ ఆపరేషన్ జరిగినా, లోపల మానేటప్పుడు పేగులు ఒకదానికొకటి గానీ పొట్ట గోడకు గానీ అతుక్కునే అవకాశం ఉంది. అలా అతుక్కున్న పేగు సులువుగా కదలదు. స్కోపు మలుపు తిరిగేటప్పుడు అక్కడ లాగినట్టు అవుతుంది, పరీక్ష తర్వాత కూడా ఒక రోజు పొత్తికడుపు పట్టేసినట్టు ఉండవచ్చు. మన జిల్లాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ అడిగితే గానీ ఆ విషయం చెప్పరు. సిజేరియన్, అపెండిక్స్, హెర్నియా ఏదైనా సరే పరీక్షకు ముందే చెప్పండి. తెలిస్తే డాక్టరు నెమ్మదిగా వెళ్తారు, మత్తు కూడా దానికి తగ్గట్టు ఇప్పిస్తారు.

మత్తు తీసుకుంటే తర్వాత నొప్పి ఉండదా?

పరీక్ష జరిగేటప్పటి నొప్పి తెలియకుండా చేయడానికే మత్తు. ఆ ప్రభావం దిగాక గ్యాస్ నొప్పి మత్తు తీసుకున్నవాళ్లకూ, తీసుకోనివాళ్లకూ వస్తుంది.

## పరీక్ష అయిన మొదటి గంటల్లో

లేచేసరికి పొట్ట ఉబ్బిపోయి బిర్రుగా ఉంది. లోపల ఏమైనా అయిందా?

పెద్దపేగు మామూలుగా ముడుచుకుని, మడతలు పడి ఉంటుంది. ఆ మడతల వెనక కూడా చూడాలంటే గాలి పంపి పేగును విప్పాలి. ఆ గాలిని బయటికి వచ్చేటప్పుడు వీలైనంత లాగేస్తారు గానీ కొంత మిగిలిపోతుంది. మామూలు గాలిలో ఎక్కువ భాగం నత్రజని. అది పేగు గోడలోకి తొందరగా ఇంకదు కాబట్టి కింది నుంచి బయటికి పోవాల్సిందే. కొన్ని ఆసుపత్రుల్లో దాని బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారు. అది పేగు గోడ నుంచి రక్తంలోకి ఇంకి ఊపిరితో బయటికి పోతుంది, అందుకే వాళ్లకు ఉబ్బరం తొందరగా దిగుతుంది. గ్యాస్ పోతున్న కొద్దీ పొట్ట మెత్తబడుతుంటే కంగారు పడక్కర్లేదు. గ్యాస్ అసలు పోకుండా, పొట్ట ఇంకా బిగుసుకుపోతూ, నొప్పి పెరుగుతుంటే ఆసుపత్రి వదిలి వెళ్లకముందే నర్సుకు చెప్పండి.

బయాప్సీకి ముక్క తీశారంట. ఆ కోసిన చోటేనా నొప్పి పెడుతోంది?

కాదు. పేగు లోపలి పొరకు కోసినా గిల్లినా నొప్పి తెలియదు. పేగుకు తెలిసేది సాగదీయడం, లాగడం. సైకిల్ ట్యూబులో గాలి ఎక్కువైతే ఎలా బిగుసుకుంటుందో అలా పేగు గోడ బిగిసినప్పుడు, స్కోపు మలుపు తిరుగుతూ పేగును పట్టి ఉంచే పొరను లాగినప్పుడు నొప్పి వస్తుంది. బయాప్సీకి తీసే ముక్క బియ్యపు గింజ కన్నా చిన్నది. ముక్క తీశారంటేనే క్యాన్సర్ అనుమానం అనుకుని రాత్రంతా నిద్రపోనివాళ్లను చూశాను. వాపుకూ, టీబీకీ, నెలల తరబడి తగ్గని విరేచనాలకూ, చివరికి పైకి మామూలుగా కనిపించే పేగు నుంచి కూడా ముక్కలు తీస్తారు.

పొట్ట మీద చెయ్యి పెడితే పైపైన కండ నొప్పిగా ఉంది. ఎవరైనా గట్టిగా నొక్కారా?

నొక్కే ఉంటారు. స్కోపు కొన్నిసార్లు లోపల మెలిక పడి ముందుకు పోదు. అప్పుడు పక్కనున్న నర్సు పొట్ట మీద అరచేత్తో అదిమి పట్టుకుంటే దారి ఇస్తుంది. ఆ అదుముడుకు ఒకటి రెండు రోజులు కండ నొప్పిగా ఉంటుంది. పక్కకు తిరిగినప్పుడు, లేచి కూర్చునేటప్పుడు తెలుస్తుంది, కదలకుండా పడుకుంటే ఉండదు.

గ్యాస్ బయటికి పోవాలంటే ఏం చేయాలి?

నడవండి. తల తిరగడం లేదని తేలాక వార్డులోనో వరండాలోనో ఎవరినైనా పక్కన పెట్టుకుని మెల్లగా నడవడం కన్నా మంచి మందు లేదు. అలసట వస్తే ఎడమ వైపు తిరిగి పడుకుని మోకాళ్లను పొట్ట వైపు ముడుచుకోండి, కాసేపయ్యాక కుడి వైపు తిరగండి. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా తాగండి. వేడినీళ్ల సంచి గుడ్డలో చుట్టి పొట్ట మీద పెట్టుకోవచ్చు, చర్మం చుర్రుమనేంత వేడి వద్దు.

ఇంకొక మాట, కాస్త మొహమాటం పక్కన పెట్టి చెప్తున్నాను. చూడ్డానికి వచ్చిన బంధువులు గదినిండా ఉంటే చాలామంది, ముఖ్యంగా కోడళ్లు, పెద్దవాళ్లు గ్యాస్ బిగబట్టుకుంటారు. నొప్పి ఇంకా పెరుగుతుంది. అటెండర్‌గా ఉన్నవాళ్లు ఆ ఒక్క పూట అందరినీ బయట కూర్చోబెట్టండి. పొట్ట గట్టిగా మర్దనా చేయడం, ఆముదం తాగించడం, ఎనిమా ఇవ్వడం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు.

ఈనో, గోలీసోడా తాగితే తేన్పు వచ్చి తగ్గుతుంది కదా?

అవి కడుపులోకి ఇంకా గ్యాస్ చేరుస్తాయి. తేన్పు వచ్చేది జీర్ణాశయం నుంచి, మీకు గాలి ఉన్నది పెద్దపేగులో. అసిడిటీ మాత్రలు కూడా ఈ నొప్పికి పనిచేయవు. వాము నీళ్లో జీలకర్ర నీళ్లో పల్చగా కాచి కొద్దిగా తాగితే నష్టం లేదు.

నొప్పి మాత్ర వేసుకోవచ్చా?

అవసరమైతే పారాసెటమాల్ వేసుకోవచ్చు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి వేసుకోవాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావం అవకాశాన్ని పెంచుతాయి. పాలిప్ (పేగు లోపలి పొర మీద మొలిచే చిన్న కండ) తీసిన తర్వాతైతే మీ డాక్టరు సరేనంటే తప్ప వాటి జోలికి వెళ్లొద్దు. నెలసరి నొప్పికని ఇంట్లో ఉంచుకునే మాత్రల్లోనూ చాలావాటిలో మెఫెనమిక్ యాసిడ్ ఉంటుంది, అదీ ఈ కోవలోదే. ఒక పారాసెటమాల్‌తో తగ్గని నొప్పికి ఇంకో మాత్ర వెతక్కండి. ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఎడమ భుజం లాగుతోంది. లాప్రోస్కోపీ చేయించుకున్న మా అక్కకు కూడా ఇలాగే ఉండింది. మామూలేనా?

ఆ రెండూ ఒకటి కావు. లాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో, గ్యాస్‌ను పేగుల బయట, పొట్ట కుహరంలోకి ఎక్కిస్తారు, అందుకే భుజం నొప్పి చాలామందికి వస్తుంది. కొలనోస్కోపీలో గాలి ఉండాల్సింది పేగు లోపలే. భుజం కొనన నొప్పి, దానితో పాటు ఎడమ పక్కటెముకల కింద నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు ఉంటే వెంటనే చూపించుకోవాలి. పెద్దపేగు మలుపు ఒకటి ప్లీహానికి (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం, స్ప్లీన్) ఆనుకుని ఉంటుంది. చాలా అరుదుగా స్కోపు అక్కడ తిరిగేటప్పుడు ప్లీహానికి దెబ్బ తగిలి లోపల రక్తం కారవచ్చు. గంటల తరబడి ఒక పక్కకే పడుకుని కండ పట్టేసినా భుజం నొప్పి వస్తుంది. అయితే ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే.

## ఆ రాత్రి, మర్నాడు

ఎన్ని గంటల్లో తగ్గాలి?

ఎక్కువమందికి కొన్ని గంటల్లోనే సగం తగ్గుతుంది, 24 గంటలకు దాదాపు పోతుంది. కొందరికి, ముఖ్యంగా ముందు నుంచీ గ్యాస్, ఐబీఎస్ (పేగు చూడ్డానికి మామూలుగా ఉన్నా పనితీరులో తేడా వల్ల వచ్చే కడుపు నొప్పి) బాధ ఉన్నవాళ్లకు, రెండో రోజు కూడా అప్పుడప్పుడు మెలిపెట్టి వదులుతుంది. మెలిపెట్టి వదలడం, చోటు మారుతుండటం, గ్యాస్ పోగానే హాయిగా ఉండటం గ్యాస్ నొప్పి లక్షణాలు. ఒకే చోట నిలబడి, వదలకుండా, గంట గంటకూ పెరిగే నొప్పి అయితే ఎంత రాత్రయినా ఫోన్ చేయండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు.

మూడో రోజు వచ్చింది, మోషన్ రాలేదు. అందుకే నొప్పా?

పేగంతా ఖాళీ చేసి పంపాం, మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. గ్యాస్ పోతూ, పొట్ట మెత్తగా ఉంటే ఆగండి, నీళ్లు బాగా తాగండి. విరేచనాల మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. గ్యాస్ కూడా ఆగిపోయి, పొట్ట ఉబ్బి, వాంతులు మొదలైతే అది వేరే విషయం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మోషన్‌తో కొంచెం రక్తం కనపడింది. భయమేస్తోంది.

బయాప్సీ తీసినా, చిన్న పాలిప్ తీసినా, మొలలు ఉన్నా ఒకటి రెండు సార్లు రక్తపు చారలు, చుక్కలు కనపడటం మామూలే. అన్నిసార్లు మోషన్ వెళ్లడం వల్ల ఆసనం ఒరుసుకుపోయి మండటం, అక్కడ చిన్న చీలిక పడి రక్తం అంటడం కూడా ఉంటుంది. కొబ్బరినూనె రాసి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చుంటే తగ్గుతుంది. రెండు మూడు చెంచాలకు మించి పోయినా, గడ్డలు గడ్డలుగా వచ్చినా, మళ్లీ మళ్లీ వస్తున్నా, తారులాగా నల్లగా వచ్చినా, రక్తంతో పాటు కళ్లు తిరుగుతున్నా క్యాజువాలిటీకి వెళ్లండి.

ఏం తినాలి? సంగటి తినొచ్చా?

మొదటి పూట ఇడ్లీ, రసం అన్నం, మజ్జిగ అన్నం, పల్చని రాగి జావ లాంటివి కొద్దికొద్దిగా తినండి. పేగు ఖాళీగా, కాస్త చిరాకుగా ఉంటుంది. ఆకలి దంచేస్తోందని ఒకేసారి కడుపునిండా తింటే మెలిపెడుతుంది. పరీక్ష అయిన గంటకే బిర్యానీ తిని, సాయంత్రం నొప్పి అని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను, ముందు రోజంతా పస్తు ఉన్నారు పాపం.

మన వైపు తిండిలో చూసుకోవాల్సినవి ఉన్నాయి. పితికిపప్పు, అనపగింజల పులుసు, అలసందలు, శనగలు, క్యాబేజీ రెండు రోజులు వద్దు, గ్యాస్ బాగా చేస్తాయి. చెనిక్కాయల ఊరుబిండి, పచ్చిమిరపకాయల కారం కూడా రెండు రోజులు పక్కన పెట్టండి, ఆసనం దగ్గర మంట పెరుగుతుంది. సంగటి మర్నాటి నుంచి మెత్తగా చేసుకుని పల్చని పప్పుచారుతో తినవచ్చు. పాలు తాగితే కొందరికి ఉబ్బరం వస్తుంది, మజ్జిగ సరిపడుతుంది. ఎండాకాలమైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి రోజంతా కొద్దికొద్దిగా తాగండి. మోషన్లలో పోయిన నీళ్లు, లవణాలు తిరిగి రాకపోతే కాళ్లు పట్టేయడం, నీరసం ఉంటాయి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరును అడగండి. పెద్ద పాలిప్ తీస్తే డాక్టరు వేరే పథ్యం చెప్పవచ్చు, అప్పుడు అదే పాటించాలి.

షుగర్ ఉంది. కడుపులో ఏదోలా ఉండి, చెమటలు పడుతున్నాయి.

ముందు షుగర్ చూసుకోండి. పస్తు, మోషన్లు, మళ్లీ మొదలుపెట్టిన మాత్రలు లేదా ఇన్సులిన్, ఇవన్నీ కలిసి షుగర్ పడిపోవచ్చు. మెషిన్ దగ్గర లేకపోతే పంచదార నీళ్లు తాగండి. పది పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే, లేదా షుగర్ బాగానే ఉన్నా చెమటలు, కడుపు నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

మాది పలమనేరు దగ్గర ఊరు. అదే రోజు బస్సులో వెళ్లిపోవచ్చా? బండి నడపొచ్చా?

మత్తు ఇచ్చిన 24 గంటల వరకు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, మద్యం తాగకూడదు. తెలివిగా మాట్లాడుతున్నా మెదడు వేగం ఇంకా పూర్తిగా రాదు. ఉత్త పరీక్షే అయి, గ్యాస్ పోయి, నొప్పి తగ్గి ఉంటే తోడు మనిషితో బస్సులో వెళ్లవచ్చు. పెద్ద పాలిప్ తీసి ఉంటే, లేదా బయల్దేరే టైముకు కూడా నొప్పి తగ్గకపోతే ఆ రాత్రి తిరుపతిలోనే ఉండిపోండి. మొగిలి ఘాట్ దాటాక అర్ధరాత్రి నొప్పి ఎక్కువైతే వెనక్కి రావడం మీకూ, తెచ్చేవాళ్లకూ ఎంత కష్టమో అలా వచ్చినవాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నాను.

## పాలిప్ తీసినవాళ్లకు

పాలిప్ తీశారు. ముక్క తీసినవాళ్ల కన్నా నాకు నొప్పి ఎక్కువ ఉంటుందా?

చిన్న పాలిప్ అయితే తేడా తెలియదు. కరెంటు వేడితో కాల్చి తీసిన పెద్ద పాలిప్ అయితే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆ వేడి పేగు గోడ లోపలి పొరలకూ తగలవచ్చు. ఎలా తీశారో రిపోర్టులో ఉంటుంది. హాట్ స్నేర్ అంటే వేడితో, కోల్డ్ స్నేర్ అంటే వేడి లేకుండా ఉచ్చు బిగించి కత్తిరించడం. ఇంటికి వెళ్లే ముందు ఆ ఒక్క మాట డాక్టరును అడిగి తెలుసుకోండి. తర్వాత నొప్పి వస్తే ఏ డాక్టరుకైనా ముందుగా కావాల్సిన సమాచారం అదే.

మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు జ్వరం, ఒకే చోట నొప్పి. వైరల్ ఫీవరా?

అలా అనుకుని ఇంట్లో ఉండొద్దు. వేడితో పాలిప్ తీసిన చోట పేగు గోడ లోతుగా కాలితే 12 గంటల నుంచి నాలుగైదు రోజుల్లోపు జ్వరం, ఒకే చోట నొప్పి, అక్కడ నొక్కితే ఓర్చుకోలేకపోవడం వస్తాయి. పేగుకు రంధ్రం పడి ఉండదు, కానీ పడిందా లేదా అన్నది సీటీ స్కాన్ లాంటిది తీస్తే గానీ తేలదు. రంధ్రం లేదని తేలితే సాధారణంగా నోటి ద్వారా తిండి ఆపి, సెలైన్, యాంటీబయాటిక్స్ ఇస్తారు. చాలామంది ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు. పాలిప్ తీశాక థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆ రోజే చూపించుకోండి.

పది రోజులయ్యాక మోషన్‌లో రక్తం పడింది. నొప్పి లేదు. పాలిప్‌కు దీనికి సంబంధం ఉందా?

ఉండే అవకాశం ఎక్కువ. పాలిప్ తీసిన చోట పుండు మీద పక్కు కడుతుంది, అది రాలేటప్పుడు కింద ఉన్న రక్తనాళం తెరుచుకోవచ్చు. రెండు వారాల వరకు, అరుదుగా ఆ తర్వాత కూడా ఇలా జరుగుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు, అందుకే మొలలు అనుకుని వదిలేస్తారు. చుక్కలకు మించి పడితే వెంటనే వెళ్లండి. స్కోపుతోనే మళ్లీ వెళ్లి చిన్న లోహపు క్లిప్ వేసి ఆపగలరు.

లోపల క్లిప్ వేశామన్నారు. అది గుచ్చుకుని నొప్పి పెడుతోందా?

గుచ్చుకోదు. కొన్ని వారాల్లో దానంతట అదే ఊడి మోషన్‌లో పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఈలోగా ఎవరైనా ఎంఆర్‌ఐ రాస్తే మాత్రం క్లిప్ ఉందని చెప్పండి.

గుండెకు వేసుకునే ఆస్పిరిన్, రక్తం పల్చబడే మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఈ ఒక్కదానికి ఎవరి మాటా వినొద్దు, నా మాట కూడా. స్టెంట్ వేసినవాళ్లు మాత్ర ఆపితే గుండెకు ప్రమాదం, తొందరపడి మొదలుపెడితే పేగులో రక్తస్రావం. స్కోపు చేసిన డాక్టరు, మీ గుండె డాక్టరు మాట్లాడుకుని చెప్పిన తేదీని చీటీ మీద రాయించుకోండి.

తిరుమల కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. ఎప్పుడు ఎక్కొచ్చు?

ఉత్త పరీక్షే అయితే, నొప్పి పూర్తిగా పోయి, మామూలు తిండి తింటూ, నీరసం తగ్గాక ఎక్కవచ్చు. రెండు మూడు రోజులు ఆగితే మంచిది. పాలిప్ తీసినవాళ్లు డాక్టరును అడగకుండా ఎక్కవద్దు. ఆలస్యంగా రక్తస్రావం అయ్యే అవకాశం ఉన్నది రెండు వారాలు, పెద్ద పాలిప్ అయితే ఆ గడువు దాటేదాకా ఆగమనే చెప్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు తక్కువ దూరమే అయినా నిటారుగా ఉంటుంది. మధ్య మెట్ల మీద రక్తం మొదలైతే మిమ్మల్ని కిందికి దించడమే పెద్ద పని. దర్శనం టికెట్ ముందే ఉంటే ఘాట్ రోడ్డులో బస్సెక్కి వెళ్లవచ్చా అని డాక్టరును అడగండి, నడక మొక్కు ఇంకోసారి తీర్చుకోవచ్చు. పైన ఉండగా ఏదైనా తేడా అనిపిస్తే తిరుమలలో అశ్వినీ ఆసుపత్రి ఉంది.

పెరటాసి (తమిళ నెల, సెప్టెంబరు-అక్టోబరు) శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. ఉండొచ్చా?

ఆ వారం వదిలేయండి. ఇప్పటికే ఒక రోజు పస్తు ఉండి, పేగంతా ఖాళీ చేసుకున్న శరీరం అది. మాత్రలు వేసుకునేవాళ్లకైతే ఇంకా ముఖ్యం.

## ఆగకుండా వెళ్లాల్సినప్పుడు

ఏ నొప్పికి వెంటనే ఆసుపత్రికి పోవాలి?

తగ్గకుండా పెరుగుతూ పోయే నొప్పి. పొట్ట చెక్కలా గట్టిపడి, ముట్టుకుంటేనే ఓర్చుకోలేని నొప్పి. దగ్గినా, అడుగు వేసినా, బండి కుదిపినా పొట్ట అదిరే నొప్పి. నొప్పితో పాటు జ్వరం, చలి, ఆగని వాంతులు, ఊపిరి ఆడకపోవడం, గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, రక్తం, వీటిలో ఏది ఉన్నా సరే. వీటికి రేపటిదాకా ఆగడం లేదు. 108కి ఫోన్ చేయండి. దారిలో నీళ్లతో సహా ఏమీ తాగించొద్దు, తినిపించొద్దు, ఆపరేషన్ అవసరం రావచ్చు.

పేగుకు రంధ్రం పడుతుందని విన్నాను. నిజంగా అలా అవుతుందా?

అవుతుంది, కానీ అరుదు. మామూలు పరీక్షలో వెయ్యి మందిలో ఒకరి కన్నా తక్కువ, పెద్ద పాలిప్‌లు తీసినప్పుడు అంతకన్నా కాస్త ఎక్కువ. చాలావరకు ఆ రోజే తెలుస్తుంది. వేడి వాడినప్పుడు కొన్ని రోజులు ఆలస్యంగా కూడా బయటపడవచ్చు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో పొట్ట పైభాగాన గాలి కనపడుతుంది, సీటీ స్కాన్‌లో ఇంకా స్పష్టంగా తేలుతుంది. వెంటనే గుర్తిస్తే చిన్న రంధ్రాన్ని కొన్నిసార్లు స్కోపుతోనే క్లిప్ వేసి మూసేస్తారు, లేదంటే ఆపరేషన్ చేస్తారు. గంటలు గడిచే కొద్దీ పేగులోని మలినం పొట్టలోకి పాకి ఇన్ఫెక్షన్ ముదురుతుంది. ఒకే రకం రంధ్రం పడిన ఇద్దరిలో ఒకరు తొందరగా ఇంటికి వెళ్లడం, ఇంకొకరు ఐసీయూలో ఉండటం ఎంత తొందరగా వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మా ఊళ్లో డాక్టరు ఒక ఇంజెక్షన్ వేస్తే తగ్గిపోతుందన్నాడు. వేయించుకోనా?

వేయించుకోవద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. నొప్పి ఇంజెక్షన్ నొప్పిని దాచేస్తుంది, లోపల జరుగుతున్నదాన్ని ఆపదు. నాలుగు గంటలు హాయిగా నిద్రపోయి, లేచేసరికి బీపీ పడిపోయి వచ్చినవాళ్లు ఉన్నారు. ముందు స్కోపు చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి. ఆసుపత్రిలో డాక్టరు పొట్ట చూసి, అవసరమైన స్కాన్ రాసి, తర్వాత నొప్పికి మందు ఇస్తారు.

అవ్వకు 80 ఏళ్లు. నొప్పి పెద్దగా లేదంటుంది, కానీ ఏమీ తినడం లేదు, ముభావంగా ఉంది.

పెద్ద వయసులో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో, షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో లోపల పెద్ద ఇబ్బంది ఉన్నా నొప్పి పెద్దగా బయటపడకపోవచ్చు. మాట తడబడటం, అయోమయం, తిండి మానేయడం, మూత్రం తగ్గడం, ఊరికే పడుకుని ఉండటం కనపడితే నొప్పి ఉందన్నట్టే లెక్క వేసుకుని తీసుకెళ్లండి. పిల్లలను ఇబ్బంది పెట్టకూడదని నొప్పి దాచుకునే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎక్కువ. 'నొప్పిగా ఉందా' అని అడిగితే లేదనే అంటారు. పొట్ట మీద మెల్లగా చెయ్యి వేసి ముఖం చూడండి.

ఎక్కడికి వెళ్లాలి? వెళ్లి ఏం చెప్పాలి?

వీలైతే స్కోపు చేసిన చోటికే, మీ వివరాలు అక్కడ ఉంటాయి. అది దూరమైతే దగ్గరలో సర్జన్, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఎమర్జెన్సీలు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. చిత్తూరు వైపు వాళ్లు చాలామంది వేలూరు సీఎంసీలో స్కోపు చేయించుకుంటారు. ఎమర్జెన్సీలో అంత దూరం పోవాలా, దగ్గరలో చూపించుకోవాలా అన్నది ఫోన్‌లో అడిగి నిర్ణయించుకోండి.

క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే మొదటి వాక్యం 'కడుపు నొప్పి' అని కాకుండా 'ఫలానా రోజు కొలనోస్కోపీ చేశారు, పాలిప్ తీశారు, అప్పటి నుంచి నొప్పి' అని చెప్పండి. ఉత్త కడుపు నొప్పి అంటే గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోబెట్టే అవకాశం ఉంది. రిపోర్టు ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచుకోండి.

## వారం దాటాక

వారం అయింది, ఇంకా అప్పుడప్పుడు నొప్పి. స్కోపు వల్లేనా?

గ్యాస్ నొప్పి వారం ఉండదు. జ్వరం, రక్తం లేకపోయినా డాక్టరుకు చూపించుకోండి.

రిపోర్టు నార్మల్ అన్నారు. నొప్పి మాత్రం ముందులాగే ఉంది. డబ్బులు దండగేనా?

దండగ కాదు, కానీ ఈ బాధ నాకు అర్థమవుతుంది. 'ఏమీ లేదు' అన్న మాట విని, నా నొప్పి అబద్ధమా అని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. కొలనోస్కోపీలో కనపడేది పెద్దపేగు లోపలి పొర, దానికి ఆనుకున్న చిన్నపేగు చివరి కొస. పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు, కిడ్నీ రాళ్లు, అండాశయంలో గడ్డలు, చిన్నపేగులో మిగతా భాగం, జీర్ణాశయంలో పుండు, ఇవేవీ ఆ కెమెరాకు కనపడవు. ఐబీఎస్‌లో పేగు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, దాని కదలికలోనూ, నరాల స్పందనలోనూ తేడా ఉంటుంది. ఆ నొప్పి నిజమైన నొప్పే, దానికి మందులున్నాయి, తిండిలో మార్పులున్నాయి.

నార్మల్ రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి ఎక్కడ, తిన్నాక వస్తుందా, మోషన్ అయ్యాక తగ్గుతుందా, రాత్రి నిద్రలోంచి లేపుతుందా, బరువు తగ్గారా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే తర్వాత ఏ పరీక్ష అవసరమో డాక్టరుకు తొందరగా తెలుస్తుంది. ఎవరో చెప్పారని ఇంకో ఆసుపత్రిలో వెంటనే మళ్లీ కొలనోస్కోపీ చేయించుకోవద్దు.

బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా నొప్పికి మందు మొదలుపెట్టరా?

సాధారణంగా వారం వరకు పడుతుంది, టీబీ కల్చర్ పంపితే వారాలు పడుతుంది. చిన్నపేగు పెద్దపేగు కలిసే చోట పుండ్లు కనపడితే టీబీనా, క్రోన్స్ జబ్బా (పేగులో ఏళ్ల తరబడి ఉండే వాపు) అన్నది కంటితో చూసి చెప్పడం కష్టం. రెంటికీ మందులు వేరు, ఒకదానికి ఇచ్చేది ఇంకోదాన్ని ముదిరేలా చేయవచ్చు. అందుకే డాక్టర్లు ఆగుతారు. నొప్పి తట్టుకోలేకపోతే ఆ మాట చెప్పండి, ఈలోగా వాడదగ్గ మందు ఇస్తారు. రిపోర్టు వచ్చిందని ఆసుపత్రి ఫోన్ చేస్తుందని ఎదురుచూడకుండా మీరే వెళ్లి తీసుకోండి.

మూడేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోమన్నారు. మళ్లీ ఇదే నొప్పి పడాలా?

ఈసారి తక్కువ పడేలా చూసుకోవచ్చు. పోయినసారి నొప్పి ఎంత ఉందో, ఎన్ని రోజులు ఉందో, మత్తు ఇచ్చారో లేదో ముందే చెప్పండి. కార్బన్ డయాక్సైడ్ వాడతారా అని అడగండి, ఆ సౌకర్యం ఉన్నచోట తర్వాతి ఉబ్బరం తక్కువగా ఉంటుంది. కొందరు డాక్టర్లు గాలి బదులు నీళ్లు పంపుతూ స్కోపును ముందుకు తీసుకెళ్తారు, అందులోనూ నొప్పి తక్కువ. పౌడర్ మందు చెప్పినట్టు రెండు విడతలుగా పూర్తిగా తాగి పేగు శుభ్రంగా ఉంటే పరీక్ష తొందరగా అవుతుంది, గాలి తక్కువ పడుతుంది. పాత రిపోర్టు తప్పకుండా తీసుకురండి. స్కోపు ఎక్కడ మెలిక పడిందో అందులో రాసి ఉంటే డాక్టరు మొదటి నుంచే అక్కడ జాగ్రత్త పడతారు.